పడవ దిగి ఫ్లైటు ఎక్కేలోగా: బెజవాడలో సూట్‌కేసులతో ఒక పగలు

గన్నవరం నుంచి సాయంత్రం ఫ్లైటు పెట్టుకుని, పొద్దున కృష్ణలో పడవ షికారు కూడా కావాలనుకుంటే బెజవాడలో ఏం చూడాలన్నది పెద్ద సమస్య కాదు. సూట్‌కేసులు ఎక్కడ పెట్టాలన్నదే సమస్య. ఊళ్లో ఇల్లున్నవాళ్లకి ఈ బాధ తెలియదు. మేం గుంటూరు వాళ్లం. చుట్టాలు మా ఇంట్లో పెట్టెలు సర్దుకుని గడప దాటారంటే, ఇక విమానం ఎక్కేదాకా ఆ పెట్టెలు వాళ్ల వెంటే. అందుకని ఎనిమిది గంటలకి ఒక కారు మాట్లాడుకున్నాం. ఈ రివ్యూ ముఖ్యంగా ఆ కారు గురించీ, ఆ గంటల్లో మేం వెళ్లిన చోట్ల గురించీ. ట్రావెల్స్ పేరు మాత్రం రాయను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

వచ్చినవాళ్లు మా పెద్దక్క, బావగారు, బావగారి అమ్మగారు (నేను అత్తయ్యగారు అంటాను). ముంబైలో ఉంటారు. నీళ్ల మీద తిరగాలన్న సరదా బావగారిది. ఆ మధ్య చెన్నై రేవు నుంచి ఓడలో విహారయాత్ర కూడా చేసొచ్చారు. ఓడలో తిండి గురించి కాసేపు చెబితే, ఓడ దిగిన రోజు గురించి పూటంతా చెప్పారు. దిగే ముందు రాత్రే సూట్‌కేసులకి ట్యాగులు కట్టి గది బయట పెట్టేయాలట. మందులూ, ఒక జత బట్టలూ చేతిసంచిలో ఉంచుకోవాలి. పొద్దున టిఫిన్ కాగానే ట్యాగును బట్టి బ్యాచులుగా దింపేస్తారు. మధ్యాహ్నానికి కొత్త ప్రయాణికులు ఎక్కుతారు కాబట్టి గదులు ఖాళీ చేయించక వాళ్లకీ తప్పదు. ఈయన ఫ్లైటేమో రాత్రికి. చెన్నై అంత ఊరు చుట్టూ ఉండగా మీనంబాకం ఎయిర్‌పోర్టులో ట్రాలీ పక్కన కూర్చుని పొద్దు గడిపారు. "ఈసారి మాత్రం అలా కూర్చోబెట్టకమ్మా" అన్నారు నాతో.

ముందు అందరికీ తట్టేది క్లోక్‌రూం. రైల్వే స్టేషన్‌లో ఉంటుంది కానీ, అక్కడ సామాను పెట్టాలంటే రైలు టికెట్ చూపించాలి, పెట్టెలకి తాళాలుండాలి. విమానం టికెట్ పనికిరాదు. ఒకవేళ పనికొచ్చినా, పడవ దిగి మళ్లీ స్టేషన్‌కి పోయి, క్యూలో నిలబడి పెట్టెలు విడిపించుకోవడం డెబ్భై దాటిన అత్తయ్యగారితో అయ్యే పని కాదు. పోనీ ముందే ఎయిర్‌పోర్టుకెళ్లి పడేద్దామా అంటే, కౌంటర్లు సాధారణంగా ఫ్లైటుకి రెండు మూడు గంటల ముందు తప్ప సామాను తీసుకోవు. ఇక మిగిలింది కారు. కారే క్లోక్‌రూం, కారే నీడ, కారే ఏసీ.

ట్రావెల్స్ వాళ్లు దీన్ని 'ఎయిట్ అవర్స్, ఎయిటీ కిలోమీటర్స్' అంటారు. ఎనిమిది గంటలు గానీ ఎనభై కిలోమీటర్లు గానీ దాటితే ఆపైన అదనం. 'ఫోర్ అవర్స్, ఫార్టీ' కూడా ఉంది కానీ పడవ ఉన్న రోజుకి అది చాలదు. మాట్లాడుకునేటప్పుడు తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఈ గంటలూ కిలోమీటర్లూ మనం ఎక్కిన చోటి నుంచి కాదు, బండి షెడ్డులోంచి బయల్దేరి మళ్లీ షెడ్డుకి చేరేదాకా లెక్క. అందుకే గుంటూరు కారు మాట్లాడలేదు. మాట్లాడితే గన్నవరం నుంచి గుంటూరుకి ఖాళీగా వెనక్కొచ్చే దూరమూ మన నెత్తి మీదే పడుతుంది. బెజవాడ కారే చెప్పి, గుంటూరు నుంచి నెహ్రూ బస్టాండు దాకా ఆర్టీసీ నాన్‌స్టాప్‌లో వెళ్లాం. పెట్టెలు బస్సు డిక్కీలో పడేస్తే వారధి దాటేదాకా వాటి ఊసే లేదు.

బస్టాండు దగ్గర మొదలైంది అసలు కథ. ఫోన్‌లో "నలుగురు పెద్దవాళ్లం, నాలుగు పెద్ద పెట్టెలు" అని విడమరచి చెప్పాను. వాళ్లు పంపింది చిన్న సెడాన్. డిక్కీ తెరిస్తే సగం మేర గ్యాస్ సిలిండర్. సీఎన్‌జీ బళ్లకి ఇది మామూలే. చోటంతా సిలిండర్‌ది, మన పెట్టె ఒకటి పట్టిందంటే గొప్ప. మిగిలినవి ఒళ్లో పెట్టుకోమన్నాడు డ్రైవర్. అతను నవ్వుతూనే అన్నాడు కానీ మాకు నవ్వు రాలేదు. ఆఫీసుకి ఫోన్ చేస్తే "సర్దుకోండి మేడం, అందరూ సర్దుకుంటారు" అన్నారు. సర్దుకోలేదు. మరో నలభై నిమిషాలకి వెనక సీటు మడిచిన ఎర్టిగా వచ్చింది. బుక్ చేసేటప్పుడు "కారు ఏసీనా?" అని అందరం అడుగుతాం. "డిక్కీలో సిలిండర్ ఉందా?" అని అడగండి, అది ముఖ్యం.

రెండో డ్రైవర్ మాత్రం మంచివాడు, నెమ్మదస్తుడు. ముప్ఫై ఏళ్లుంటాయేమో. పెట్టెలు తనే ఎత్తి పెట్టాడు, అత్తయ్యగారు సులువుగా ఎక్కేలా ముందు సీటు వెనక్కి జరిపాడు. "నేను బండి వదిలి ఎక్కడికీ పోనండీ, టీకెళ్లినా బండి కనపడే చోటే తాగుతా" అన్నాడు. అయినా బంగారం, లాప్‌టాప్, గుర్తింపు కార్డులు ఉన్న సంచి మా చేతిలోనే ఉంచుకున్నాం. మీరూ ఉంచుకోండి. మనిషి మీద అనుమానంతో కాదు, పార్కింగ్‌లో అద్దం పగలగొట్టేవాళ్లు చెప్పి రారు కదా.

కనకదుర్గ ఫ్లైఓవర్ మీదుగా భవానీపురం వెళ్లి పున్నమి ఘాట్‌లో పడవెక్కాం. జనం చేరాక కదులుతుంది కాబట్టి ఆ టైం కూడా లెక్కలో వేసుకోవాలి. లైఫ్ జాకెట్ వేసుకోక తప్పదు. అత్తయ్యగారు ఉక్కపోతని మెలికలు తిరిగితే, పడవ కుర్రాడు పట్టీ బిగించేదాకా ఊరుకోలేదు. 2017 నవంబరులో, నదికి ఇంకా ఎగువనున్న పవిత్ర సంగమం ఘాట్ దగ్గర పడవ తిరగబడి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఆ రోజు గుర్తున్న మాలాంటి వాళ్లం జాకెట్ విషయంలో బేరాలాడం.

నీళ్ల మీద ఒక వైపు ఇంద్రకీలాద్రి, వెనక బ్యారేజీ. బావగారు రిటైరైన సివిల్ ఇంజినీరు కాబట్టి ఆయన చూపంతా బ్యారేజీ మీదే. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట 1952లో గండిపడితే, దాని స్థానంలో కట్టిన ఈ ప్రకాశం బ్యారేజీ 1957లో వాడుకలోకి వచ్చింది. మొత్తం 70 గేట్లు. 2024 సెప్టెంబరు వరదలో 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్లొచ్చినప్పుడు, తాళ్లు తెగిన పడవలు కొట్టుకొచ్చి గేట్లకి గుద్దుకున్నాయి, గేట్లు ఎత్తడానికి తోడ్పడే బరువు దిమ్మలు, అంటే కౌంటర్ వెయిట్లు, దెబ్బతిన్నాయి. ఆయనకి ఆ కౌంటర్ వెయిట్లు ఎక్కడుంటాయో చూపించమని పడవ కుర్రాణ్ణి అడిగితే, కుర్రాడు చక్కగా చూపించాడు. ఇద్దరూ మాటల్లో పడ్డారు. ఆ వరదలోనే భవానీ ద్వీపం మునిగింది. పై నుంచి నీళ్లు వదిలినప్పుడల్లా పడవలు ఆపేస్తారు కాబట్టి, వానాకాలంలో అయితే ముందు రోజు కనుక్కోకుండా ప్లాన్ వేసుకోకండి.

ద్వీపం గురించి పెద్దగా చెప్పను. 130 ఎకరాల పైచిలుకు నేల, చెట్లు, పిల్లలకి ఉయ్యాలలు, ఫొటోలకి నాలుగు బొమ్మలు. చిన్నపిల్లలుంటే పూటంతా గడుస్తుంది. పెద్దవాళ్లకి గంట చాలు. పడవ కోసం వెళ్లండి, ద్వీపం కోసం కాదు.

పన్నెండు దాటాక ఘాట్‌కి వచ్చేసరికి ఎండ మాడు మీదికొచ్చింది. ఇక్కడే చాలామంది ఉండవల్లి అంటారు. నాలుగంతస్తుల గుహలు, లోపల పడుకున్న అనంతపద్మనాభస్వామి, చూడదగ్గ చోటే. కానీ అది బ్యారేజీకి అవతల, మా గుంటూరు వైపు. గన్నవరం పోయేవాళ్లు వెనక్కి పోవడం, మిట్టమధ్యాహ్నం రాతి మెట్లెక్కడం రెండూ దండగే. గుంటూరు నుంచి వచ్చేవాళ్లు పొద్దున్నే దారిలో చూసుకోవచ్చు. అమ్మవారి దర్శనమూ అంతే. క్యూ ఎంత ఉంటుందో తెలియని చోట ఫ్లైటు టికెట్ జేబులో పెట్టుకుని నిలబడితే అమ్మవారి మీద కంటే గడియారం మీదే చూపుంటుంది. కొండని కింది నుంచే దణ్ణం పెట్టుకున్నాం. సినిమా చాలనుకునేవాళ్లకి నెహ్రూ బస్టాండులోనే మినీ థియేటర్లున్నాయి. అదీ ఒక దారే.

భోజనం గవర్నర్‌పేటలో ఒక మెస్సులో. పేరు అక్కర్లేదు. ఒంటిగంటన్నరకి వెళితే కూరలు రెండే మిగిలాయి. అడక్కుండానే నీళ్ల సీసాలు టేబుల్ మీద పెట్టి బిల్లులో వేశారు. ముద్దపప్పు, నెయ్యి మాత్రం బాగున్నాయి. పెరుగు గడ్డపెరుగే. గోంగూర పచ్చడి నాకు చప్పగా తగిలింది. గుంటూరు నాలుకలకి ఊరు దాటగానే అంతా చప్పగానే ఉంటుందని బావగారు ఎగతాళి చేశారు. ఉండొచ్చు. అత్తయ్యగారు మాత్రం రెండోసారి వేయించుకున్నారు.

ఇక నేను గట్టిగా సిఫారసు చేసేది బాపు మ్యూజియం. బందరు రోడ్డు మీద ఉంది. అక్కడి నుంచి తిన్నగా పోతే బెంజ్ సర్కిల్, ఆపైన హైవే, కాబట్టి గన్నవరం పోయేవాళ్లకి దారి మళ్లే పని లేదు. పాత విక్టోరియా జూబ్లీ మ్యూజియమే ఇది. రాణి పాలనకి యాభై ఏళ్లు నిండాయని 1887లో పునాది వేశారు. మరమ్మతులు చేసి 2020లో మళ్లీ తెరిచారు. ఇప్పుడున్నది చిత్రకారుడు బాపు పేరు. బెజవాడ వాళ్లు బస్సులో రోజూ దాని ముందు నుంచే పోతారు, లోపలికి మాత్రం పోరు. మా డ్రైవర్ అదే చెప్పాడు. చిన్నప్పుడు స్కూలు వాళ్లు తీసుకెళ్తే వెళ్లాడట, అంతే.

ఫ్లైటుకి ముందు మిగిలిన గంటలకి మ్యూజియం ఎందుకు నప్పుతుందంటే, ఎప్పుడు కావాలంటే అప్పుడు బయటికి రావచ్చు. క్యూ లేదు, ఆట మధ్యలో లేవడం లేదు, ఎండ లేదు. అలసిన మనిషి కూర్చోవచ్చు, ఓపిక ఉన్న మనిషి తిరగొచ్చు. అత్తయ్యగారు ఒక చోట కుదురుగా కూర్చుని, మేం చూసొచ్చి చెబుతుంటే వింటూ కూర్చున్నారు. ఎవరూ లేవమనలేదు.

అల్లూరులో దొరికిన నిలువెత్తు బుద్ధుడి ముందు నేను చాలాసేపు ఆగాను. బావగారు పాలరాయి అన్నారు. మన పలనాడు వైపు దొరికే తెల్ల సున్నపురాయి కూడా చూడ్డానికి అలాగే ఉంటుంది, మా అమరావతి స్తూపానికి వాడింది అదే. ఆ మాట మీద అమరావతి కథంతా చెప్పాల్సొచ్చింది. గుంటూరులో పుట్టి పెరిగినదాన్ని, ఆ కథ ఎత్తితే ఆగను. 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసు చేరాయి, వాటిలో చాలా భాగం 1859లో లండన్‌కి ఓడెక్కాయి. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మిగిలినవాటిలో ఎక్కువ చెన్నై ఎగ్మూరులో. 1877లో అమరావతిలో మళ్లీ తవ్వకాలు జరిపించిన మరో బ్రిటిష్ అధికారి రాబర్ట్ సీవెల్, ఆ తర్వాత పదేళ్లకి ఈ బెజవాడ భవనానికి శంకుస్థాపన చేశాడు. అంటే బావగారు చెన్నైలో ఓడ దిగి ట్రాలీ పక్కన కూర్చున్న రోజున, మా ఊరి రాళ్లు ఎగ్మూరులో ఆయన కోసం ఎదురుచూస్తున్నాయన్నమాట. ఇదే మాట ఆయనతో అన్నాను. "అప్పుడే ఒక ఫోన్ చేసి చెప్పుండాల్సింది కదమ్మా" అన్నారు.

ఇంకో సంగతి. 1921లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ బెజవాడలో సమావేశమైనప్పుడు పింగళి వెంకయ్య గాంధీగారికి జెండా నమూనా చూపించారు. ఎరుపు, ఆకుపచ్చ రంగుల ఆ నమూనాలో తెలుపు కూడా చేర్చమన్నది గాంధీగారే. ఆ నమూనా చూపించింది ఈ మ్యూజియంలోనే అంటారు, అందుకే దీని పేరు ఎత్తితే ఊళ్లో ఎవరైనా ముందు చెప్పేది ఆ జెండా కథే. మా అక్క పాఠంలో చదివిందే అయినా, ఇక్కడ నిలబడి వింటే వేరుగా ఉందంది. కొన్నిచోట్ల వెలుతురు చాలక కింద రాసిన వివరం చదవడానికి వంగాల్సి వచ్చింది. అది తప్ప నాకు వంక కనపడలేదు. వెళ్లే ముందు ఆ రోజు సెలవేమో మాత్రం కనుక్కోండి.

దారిలో లేపాక్షి షోరూంలో ఆగి కొండపల్లి బొమ్మలు కొన్నాం. అంబారీ ఏనుగు ఒకటి, ఎద్దుబండి ఒకటి. తెల్లపొణికి చెక్క కాబట్టి దూదంత తేలిక, చేతిసంచి బరువులో లెక్కకే రాదు. కానీ ఆ కాళ్లూ కొమ్ములూ విడిగా చేసి చింతగింజల మక్కుతో అతికించినవి. సూట్‌కేసులో పడేస్తే ఏనుగు తొండం ముంబైలో వేరేగా దిగుతుంది. చేతిలోనే పట్టుకెళ్లండి.

కారులో కూర్చునే సామాను మళ్లీ సర్దాం. కారు దగ్గర పెట్టుకోవడంలో ఉన్న అసలు సుఖం ఇదే, పెట్టెలు ఎప్పుడంటే అప్పుడు తెరవొచ్చు. గుంటూరు నుంచి వెళ్లే చుట్టాల పెట్టెల్లో ఏముంటాయో చెప్పక్కర్లేదు. కారప్పొడి చేతిసంచిలో ఉంటే సెక్యూరిటీలో తీయించేస్తారు, అది పెద్ద పెట్టెలోకి పోవాలి. ఊరగాయ సీసాలూ అంతే. ఎండుకొబ్బరి చిప్పలు మాత్రం పెద్ద పెట్టెలో పెట్టనివ్వరు, తొందరగా అంటుకుంటాయని. మా అక్క లడ్డూల కోసమని దాచుకున్న చిప్పలు బయటికి తీసి నా చేతిలో పెట్టింది. పెద్ద పెట్టెకి పదిహేను కిలోలు, చేతిసంచికి ఏడు అన్నది చాలా విమానాల్లో లెక్క. మా వాళ్ల పచ్చళ్లతో కలిపితే ఆ పదిహేనుకి దగ్గరదగ్గరగా వచ్చింది.

నాలుగుంపావుకి బయల్దేరాం. బెజవాడ నుంచి గన్నవరం ఇరవై కిలోమీటర్ల లోపే. అయినా గంట చేతిలో ఉంచుకోవాలి. రామవరప్పాడు రింగు దగ్గర సాయంత్రం పూట ఎంతసేపు ఆగుతామో ఎవరూ చెప్పలేరు. ఏలూరు రోడ్డు వాహనాలు, హైవే లారీలు, ఆటోలు అన్నీ అక్కడే కలుస్తాయి. డ్రైవర్ ముందే చెప్పి బయల్దేరదీశాడు. ఎనికేపాడు దాటాక రోడ్డు ఖాళీ. ఐదుంపావుకి టెర్మినల్ ముందు దిగాం. టికెట్ లేనివాళ్లని లోపలికి పోనివ్వరు కాబట్టి వీడ్కోళ్లు గుమ్మం దగ్గరే. బావగారు వెళ్తూ వెళ్తూ డ్రైవర్ చేతిలో ఏదో పెట్టారు. ఎంతో నేను చూడలేదు.

తిరుగు బండిలోనే నేనూ వచ్చాను. ఎలాగూ షెడ్డుకి పోయేదాకా మన లెక్కే కదా. వారధి దగ్గర దింపితే గుంటూరు బస్సెక్కొచ్చు. అప్పుడొచ్చింది ఆఫీసు నుంచి ఫోన్. ఎర్టిగాకి ప్యాకేజీ 2,800 రూపాయలు, మాట్లాడుకున్నదే. కిలోమీటర్లు ఎనభైలోపే. కానీ ఎనిమిది గంటలు దాటింది, ఇంకో గంట డబ్బులు కట్టాలన్నారు. టైం ఎప్పటి నుంచి వేశారంటే, ఆ మొదటి సిలిండర్ కారు షెడ్డులోంచి బయల్దేరినప్పటి నుంచి. మేం ఎక్కని కారుకి మేం డబ్బులెందుకు కట్టాలి? "సిస్టంలో అలాగే పడింది మేడం" అన్నాడు అవతలి మనిషి. నేను గొంతు పెంచేలోపే డ్రైవర్ ఫోన్ స్పీకర్‌లో పెట్టమని, "అన్నా, ఆ బండి నువ్వే తప్పు పంపావు, నా బండి స్టార్టింగ్ రీడింగ్, టైం నా దగ్గర రాసుంది" అన్నాడు. రెండు నిమిషాల్లో అదనపు గంట ఎగిరిపోయింది. పార్కింగ్ డబ్బులు విడిగా ఇచ్చాను, అది న్యాయమే.

మార్కులు వేయమంటే డ్రైవర్‌కి ఐదుకి ఐదు. ఆఫీసుకి రెండు, అదీ ఎర్టిగా పంపినందుకు. ఆ అబ్బాయి నంబరు తీసుకున్నాను. వచ్చే సంక్రాంతికి మా ఆడపడుచు వాళ్లొస్తారు, వాళ్లదీ సాయంత్రం ఫ్లైటే. ఈసారి ఆఫీసుకి కాకుండా అతనికే ఫోన్ చేస్తాను.